నిండిన ఏడు, నడిచే ఏడు: తెలుగు వయోగణన సంప్రదాయం – కొరియా పద్ధతితో తులనాత్మక పరిశీలన

ప్రవేశిక

పెనుకొండ మండలంలోని ఎర్రమంచి వద్ద కియా కార్ల కర్మాగారం ఏర్పాటుకు 2017 ఏప్రిల్‌లో ఒప్పందం కుదిరింది. 2019లో అక్కడ కార్ల ఉత్పత్తి మొదలైంది. కర్మాగారంతో పాటు కొరియా దేశస్థులు కూడా ఈ ప్రాంతానికి వచ్చారు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రజలకు కొరియా అనేది పటంలో కనిపించే దూరదేశంగా మాత్రమే మిగలలేదు. ఇరుగుపొరుగు పరిచయాలలో తొలుత అడిగే ప్రశ్నలలో వయస్సు ఒకటి. తెలుగువారు వరుస కలుపుకోవడానికి అడుగుతారు, కొరియావారు ఎదుటివారిని ఏ మర్యాదతో పలకరించాలో తేల్చుకోవడానికి అడుగుతారు. అయితే ఆ ప్రశ్నకు కొరియావారు సంప్రదాయంగా చెప్పే సంఖ్యకూ, మన ధ్రువపత్రాలలో కనిపించే సంఖ్యకూ ఒకటి రెండేళ్ళ తేడా ఉంటుంది.

ఈ తేడాను విదేశీయుల వింత ఆచారంగా చూసి ఊరుకోవడం సులభం. కాని తెలుగు వ్యవహారాన్నీ, శాసనాలనూ, కవుల జీవితచరిత్రలనూ పరిశీలిస్తే ఇలాంటి తేడా మన లెక్కలలోనూ ఉన్నదని తెలుస్తుంది. దానిని గుర్తించకపోవడం వల్ల మన సాహిత్యచరిత్రలో కొన్ని కాలనిర్ణయాలు ఒక ఏడాది అటు ఇటుగా నిలిచిపోయాయి. కొరియా వయోగణనతో పోల్చి తెలుగు వయోగణన స్వరూపాన్ని నిర్ధారించడం, ఆ నిర్ధారణ సాహిత్య పరిశోధనకు ఎలా ఉపకరిస్తుందో చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

కొరియా పద్ధతి

కొరియాలో వయస్సును మూడు విధాలుగా లెక్కిస్తారు. మొదటిది ‘సెనున్ నాయి’, అంటే లెక్కించే వయస్సు. ఈ పద్ధతిలో శిశువుకు పుట్టిన నాడే ఒక ఏడు. ఆపైన పుట్టినరోజుతో నిమిత్తం లేకుండా కొత్త సంవత్సరం వచ్చినప్పుడల్లా అందరికీ ఒక్కసారిగా ఒక్కో ఏడు పెరుగుతుంది. డిసెంబరు 31న పుట్టిన శిశువుకు మరునాటికి రెండో ఏడు వస్తుంది. రెండోది ‘మన్ నాయి’. పుట్టినప్పుడు సున్నతో మొదలై, ప్రతి పుట్టినరోజుకూ ఒక ఏడు కలిసే లెక్క ఇది. మూడోది ‘యోన్ నాయి’. నడుస్తున్న సంవత్సరం సంఖ్య నుంచి పుట్టిన సంవత్సరం సంఖ్యను తీసివేస్తే ఇది వస్తుంది.

‘సెనున్ నాయి’కి పూర్వం హద్దు చాంద్రమాన నూతన సంవత్సరమైన సొల్లాల్. ఆనాడు బియ్యపుపిండి బిళ్ళలతో చేసిన తొక్‌గుక్ అనే పులుసు తాగితే ఒక ఏడు మీద పడినట్లేనని కొరియావారి నానుడి. కొరియా 1896లో గ్రెగోరియన్ పంచాంగాన్ని స్వీకరించింది. క్రమంగా జనవరి 1 ఆ హద్దుగా స్థిరపడింది. ఇది కొరియాకే ప్రత్యేకమైన పద్ధతి కాదు. చీనా, జపాను, వియత్నాం దేశాలలోనూ ఇటువంటి లెక్క ఉండేది. జపాను 1902లో చట్టం ద్వారా నిండిన వయస్సును ప్రమాణం చేసింది. అయినా పాత లెక్క వాడుకలో కొనసాగడంతో 1950లో మరొక చట్టాన్ని అమలులోకి తెచ్చింది. దక్షిణ కొరియాలో పౌరస్మృతి నిండిన వయస్సునే పాటిస్తున్నా, నిత్యవ్యవహారం పాత దారినే నడిచింది. 2022 డిసెంబరులో చట్టసభ ఆమోదించిన సవరణలు 2023 జూన్ 28న అమలులోకి వచ్చాక, పరిపాలనలోనూ న్యాయవ్యవహారాలలోనూ వేరుగా చెప్పనంతవరకు వయస్సు అంటే నిండిన వయస్సేనని స్థిరపడింది. సైనికసేవ, బడిలో చేరిక, మద్యం, పొగాకు అమ్మకం వంటి వాటిలో మాత్రం సంవత్సరం సంఖ్యల తేడానే పాటిస్తున్నారు.

కొరియా లెక్క గర్భస్థకాలాన్ని కూడా వయస్సులో కలుపుతుందని జనసామాన్యంలో ఒక వివరణ ఉంది. మనోహరమైన వివరణే గాని, అది సగమే అతుకుతుంది. తొమ్మిది నెలలను ఏడాదిగా లెక్కించడాన్ని సరిపెట్టుకున్నా, పుట్టినరోజుకు బదులు సంవత్సరాదికి వయస్సు ఎందుకు పెరగాలో అది చెప్పలేదు. ఈ లెక్కను క్రమసంఖ్యగా గ్రహిస్తేనే రెండు అంశాలూ అన్వయిస్తాయి. ఎన్ని ఏళ్ళు గడిచాయి అనే ప్రశ్నకు ఇది సమాధానం కాదు. ఈ మనిషి ఎన్నో సంవత్సరాన్ని చూస్తున్నాడు అనే ప్రశ్నకు సమాధానం. పుట్టిన సంవత్సరం మొదటిది, ఆ తరువాతి సంవత్సరం రెండోది.

కాబట్టి ఏ వయోగణన పద్ధతినైనా రెండు ప్రశ్నలతో పరీక్షించవచ్చు. లెక్క గడిచిన ఏళ్ళదా, నడుస్తున్న ఏడుదా? ఏడు మారేది వ్యక్తి పుట్టిన తిథికా, సమాజమంతటికీ ఉమ్మడి అయిన సంవత్సరాదికా? సంప్రదాయ కొరియా పద్ధతి నడుస్తున్న ఏటిని, ఉమ్మడి హద్దును ఎంచుకొన్నది. నేటి చట్టాలు గడిచిన ఏళ్ళను, వ్యక్తిగత హద్దును ఎంచుకొన్నాయి. తెలుగు సంప్రదాయం ఈ రెంటికీ నడుమ నిలుస్తుంది.

తెలుగు వ్యవహారం: రెండు క్రియలు

తెలుగులో వయస్సును చెప్పే వాక్యాలు ప్రధానంగా రెండు క్రియల చుట్టూ తిరుగుతాయి. ‘పదేళ్ళు నిండాయి’ అన్నప్పుడు లెక్కించేది గడిచిన ఏళ్ళను. ‘పదకొండో ఏడు నడుస్తోంది’ అన్నప్పుడు లెక్కించేది జరుగుతున్న ఏటిని. ఈ రెండూ ఒకే బిడ్డ గురించి ఒకే రోజున చెప్పదగిన సత్యాలు. ‘ఐదు నిండి ఆరు పడింది’ అనే వాడుకలో రెండు లెక్కలూ ఒకే వాక్యంలో కలిసి ఉన్నాయి. నిండినది ఏదో, పడినది ఏదో రెండూ చెప్పడం వల్ల వినేవారికి సందేహం మిగలదు.

వ్యాకరణం కూడా ఈ భేదాన్ని నిలుపుతుంది. పూరణార్థకమైన ‘ఓ’ చేరినప్పుడు ఏడు ఏకవచనంలో ఉంటుంది: ఆరో ఏడు, ఆరో ఏట. సంఖ్యావాచకం నేరుగా చేరినప్పుడు బహువచనం వస్తుంది: ఆరేళ్ళు, ఆరేండ్లు. మొదటిది ఒక స్థానాన్ని సూచిస్తుంది, రెండోది ఒక పరిమాణాన్ని. హిందూపురం ప్రాంతంలో తెలుగుకు తోడుగా కన్నడం నడుస్తుంది. అక్కడ ఏళ్ళు నిండడాన్ని ‘తుంబు’ అనే క్రియతో చెబుతారు. దానికీ నిండడమనే అర్థం. మరింత ఆసక్తికరమైన విషయం కొరియా పదబంధంలో ఉంది. ‘మన్ నాయి’లోని ‘మన్’ చీనా నుంచి వచ్చిన పదం, దాని అర్థం కూడా నిండుగా ఉన్నదనే. పరస్పర సంబంధం లేని భాషలు గడిచిన కాలాన్ని పాత్రలో నిండిన నీటిలా భావించాయి.

తెలుగులో ‘నిండు’ అనే క్రియ వయస్సుతో ఆగదు. గర్భిణికి నెలలు నిండుతాయి. ఆమె నిండు చూలాలు అవుతుంది. దీవించేటప్పుడు నిండు నూరేళ్ళు బతకమంటారు. నూరేళ్ళు నిండాయి అంటే ఆయువు తీరిందని అర్థం. నెలలు నిండడంతో జననం, ఏళ్ళు నిండడంతో మరణం. ఈ రెంటి నడుమ ఏ ఏటికి ఆ ఏడు నిండుతూ పోవడమే ఆయువు. నిండిన వయస్సు అనే భావన ప్రభుత్వ కార్యాలయాల ద్వారా మనకు వచ్చినది కాదనడానికి ఈ నుడికారమే సాక్ష్యం.

ఇక పుట్టిన శిశువు సంగతి. కొరియా లెక్క శిశువుకు ‘ఒకటి’ అంటుంది, నేటి పత్రాల లెక్క ‘సున్న’ అంటుంది. తెలుగు వ్యవహారం రెండూ అనదు, కొలమానాన్నే మారుస్తుంది. పురిటిబిడ్డ, మూడోనెల బిడ్డ, ఆర్నెల్ల బిడ్డ, ఏడాది బిడ్డ అని చెబుతుంది. ఏటితో కొలవదగినంత కాలం గడిచేవరకు ఏడు అనే మాటే రాదు. అందువల్ల సున్నతో మొదలుపెట్టాలా, ఒకటితో మొదలుపెట్టాలా అనే చిక్కు తెలుగు సంభాషణలో తలెత్తదు.

హద్దు విషయంలో తెలుగు పద్ధతి కొరియా పద్ధతితో స్పష్టంగా విభేదిస్తుంది. ఉగాదినాడు సంవత్సరం పేరు అందరికీ మారుతుంది, వయస్సు ఎవరికీ మారదు. వయస్సు మారేది జన్మతిథికి లేదా జన్మనక్షత్రానికి. బంధువ్యవస్థకూ దీనికీ పొంతన ఉంది. కొరియాలో ఒకే సంవత్సరంలో పుట్టినవారు సమవయస్కులు. వారిని ‘తొంగాప్’ అంటారు. చక్రంలో ఒకే సంవత్సరానికి చెందినవారని దాని భావం. వారి నడుమ పెద్ద, చిన్న తారతమ్యం సాధారణంగా పాటించరు. తెలుగులో ‘సరియీడు’ అనే మాట ఉన్నా, అన్నదమ్ముల పిల్లలలో పదిరోజులు ముందు పుట్టినవాడు అన్నే, వెనుక పుట్టినవాడు తమ్ముడే. ఉమ్మడి హద్దును స్వీకరిస్తే ఈ తారతమ్యం చెరిగిపోతుంది. వరుసలకు రోజుల తేడా కూడా ముఖ్యమైన సమాజంలో వయస్సు వ్యక్తిగత తిథిని పట్టుకొని ఉండటం సహజం.

దినగణన, గర్భాదిగణన

ఏళ్ళ లెక్కలో రెండు మార్గాలున్నా, రోజుల లెక్కలో తెలుగు ఆచారం దాదాపు ఎప్పుడూ నడిచే దినాన్నే తీసుకుంటుంది. పదకొండోనాడు పురుడు అంటే పుట్టిన రోజును మొదటిదిగా లెక్కించి పదకొండో రోజు. అపరకర్మలలోనూ మరణించిన రోజే మొదటి రోజు. గడిచిన రోజులను లెక్కిస్తే పురుడు పదో రోజుకే పూర్తవుతుంది. కొరియా లెక్కలో పుట్టిన సంవత్సరానికి ఉన్న స్థానం మన ఆచారంలో పుట్టిన దినానికి ఉన్నది. సూత్రం ఒక్కటే, కొలమానం వేరు.

గర్భాన్ని లెక్కలో చేర్చే పద్ధతి కూడా మనకు కొత్త కాదు. ధర్మశాస్త్రాలు బ్రాహ్మణ వటువుకు గర్భాష్టమాన్ని ఉపనయనకాలంగా చెప్పాయి. గర్భం ఆదిగా ఎనిమిదో ఏడు అని దాని అర్థం. తొమ్మిది నెలల గర్భస్థకాలాన్ని తీసుకొని లెక్కించితే, పుట్టిన తరువాత ఆరేళ్ళ మూడు నెలలు నిండినది మొదలు ఏడేళ్ళ మూడు నెలల వరకు గల కాలం గర్భాష్టమం అవుతుంది. ‘ఎనిమిదో ఏట ఒడుగు’ అనే మాటను నేటి పత్రాల లెక్కలో ఎనిమిదేళ్ళుగా గ్రహిస్తే ఒకటి రెండేళ్ళ పొరపాటు వస్తుంది. కొరియా వయస్సుకూ నేటి వయస్సుకూ గల అంతరం కూడా ఇంతే. పుట్టినరోజు దాటితే ఒక ఏడు, దాటకపోతే రెండేళ్ళు. అయితే కొరియాలో గర్భం ఒక వివరణ మాత్రమే. గర్భాష్టమంలో అది లెక్కలోనే భాగం.

జ్యోతిషంలో ఈ రెండు లెక్కలకూ వేర్వేరు పేర్లున్నాయి. వర్షఫలం గుణించేటప్పుడు గడిచిన ఏళ్ళను గతాబ్దాలంటారు. వాటికి ఒకటి కలిపితే ప్రవేశించిన ఏడు వస్తుంది. దశలలో అనుభవించినది భుక్తం, మిగిలినది భోగ్యం. లెక్కించేవాడు ఏ సంఖ్యను ఏ అర్థంలో వాడుతున్నాడో ముందే చెప్పుకొనే శాస్త్రమర్యాద ఇది.

శాసనాలలో గత, వర్తమాన సంవత్సరాలు

వ్యక్తి వయస్సులో ఉన్న ఈ ద్వైధం శకవర్షాల లెక్కలోనూ ఉన్నది. మన శాసనాలలో శకవర్షసంఖ్య కొన్నిచోట్ల గతసంవత్సరాన్ని, కొన్నిచోట్ల వర్తమానసంవత్సరాన్ని సూచిస్తుంది. కన్నడ శాసనాలలో గడిచినదానికి ‘సంద’, నడిచేదానికి ‘నడెవ’ అనే మాటలు కనిపిస్తాయి. నిండడం, నడవడం అనే తెలుగు జంటకు ఇది చాలా దగ్గరి పోలిక. పెనుకొండ, లేపాక్షి, హేమావతి ప్రాంతాలు తెలుగు, కన్నడ శాసనాలు రెండూ లభించే సరిహద్దుసీమ కావడం వల్ల ఈ పరిభాష ఇక్కడి పరిశోధకులకు సుపరిచితమే.

శకసంఖ్యతో పాటు ప్రభవాది సంవత్సరనామం ఉంటే సందేహం తీర్చుకోవచ్చు. అచ్యుతదేవరాయల పట్టాభిషేకం జరిగిన విరోధి సంవత్సరం 1529–30. ఆ పేరు పక్కన శకవర్షం 1451 అని ఉంటే అది గతసంఖ్య, 1452 అని ఉంటే వర్తమానసంఖ్య. అయితే ఈ పరీక్షకు లొంగని సందర్భాలూ ఉన్నాయి. హంపి విరూపాక్షాలయంలోని శ్రీకృష్ణదేవరాయల శాసనంలో శకవర్షం 1430, శుక్ల సంవత్సరం కలిసి కనిపిస్తాయి. శుక్ల 1509–10లో వస్తుంది. గతశకసంఖ్య ప్రకారం అది 1431 కావాలి. ఈ ఒక్క ఏడాది అంతరం రాయల పట్టాభిషేక కాలాన్ని గురించిన చర్చకు ఒక కారణమైంది.

ఉమ్మడి హద్దుతో, నడిచే సంఖ్యతో లెక్కించే పద్ధతికి మన ఈశాన్యసీమలో ఒక ఉదాహరణ ఉంది. ఒడ్రరాజ్యంలో స్థిరపడిన అంకసంవత్సర గణనలో రాజ్యవర్షం మారేది పట్టాభిషేక తిథికి కాదు, భాద్రపద శుక్ల ద్వాదశికి. ఏ రాజు ఎప్పుడు సింహాసనమెక్కినా మొదటి ఏడు ఆ ద్వాదశితో ముగిసిపోతుంది. అంతేకాక ఒకటి, ఆరు, ఆరుతో ముగిసే సంఖ్యలు, పది తప్ప సున్నతో ముగిసే సంఖ్యలు లెక్కలోంచి తొలగిపోతాయి. 1896లో వెలువడిన భారతీయ పంచాంగ గ్రంథంలో రాబర్ట్ సూయెల్, శంకర బాలకృష్ణ దీక్షిత్‌లు ఈ పద్ధతిని వివరించారు. సంఖ్యలను వదిలివేయడం అటుంచితే, ద్వాదశికి ముందురోజు రాజైనవాడు మరునాటికే తరువాతి ఏటిలో ప్రవేశించడం, డిసెంబరు 31న పుట్టిన కొరియా శిశువు స్థితి వంటిదే. అంటే ఉమ్మడి హద్దు మన నేలకు తెలియనిది కాదు. తెలుగువారు దానిని రాజ్యకాలానికి పరిమితం చేసి, వ్యక్తి వయస్సుకు దూరంగా ఉంచారు.

అరవై ఏళ్ళ చక్రం

రెండు సంస్కృతులూ కలుసుకునే చోటు అరవై ఏళ్ళ చక్రం. కొరియా చక్రం పది, పన్నెండు సంజ్ఞల కలయికతో ఏర్పడింది. మన చక్రానికి బృహస్పతి గతి మూలం. ఇటీవలి ప్రభవ సంవత్సరం 1987లో వచ్చింది, కొరియా చక్రారంభం 1984లో. రెంటికీ మూడేళ్ళ ఎడం. పుట్టిన సంవత్సరనామం తిరిగి వచ్చినప్పుడు మనం షష్టిపూర్తి చేస్తాం, కొరియావారు ‘హ్వాంగాప్’ చేస్తారు. 1927–28 ప్రభవలో పుట్టినవారికి 1987–88 ప్రభవలో షష్టిపూర్తి. అప్పటికి అరవై నిండి అరవై ఒకటి నడుస్తుంది. కొరియా లెక్కలో హ్వాంగాప్ నాటి వయస్సు అరవై ఒకటి. పేరులోని ‘పూర్తి’ ద్వారా మనం నిండిన సంఖ్యను ప్రకటిస్తున్నాం, వారు నడిచే సంఖ్యను ప్రకటిస్తున్నారు. సందర్భం ఒక్కటే. అరవయ్యో ఏట ప్రవేశించినప్పుడు చేసే ఉగ్రరథశాంతిని దీనితో కలిపి చూస్తే, ఒకే సంప్రదాయంలో ప్రవేశానికి ఒక శాంతి, పూర్తికి ఒక శాంతి విడివిడిగా ఉన్నట్లు స్పష్టమవుతుంది.

సంవత్సరనామం సామాన్యులకు జ్ఞాపకసాధనం కూడా. రాయలసీమను పీడించిన 1876–78 నాటి క్షామం జనం నోట ధాత కరువుగా నిలిచింది. ధాత సంవత్సరం 1876లో మొదలైంది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం తాలూకాలు అప్పుడు బళ్ళారి జిల్లాలో ఉన్నాయి. అనంతపురం జిల్లా 1882లో ఏర్పడింది. తీరాంధ్రలోని 1832–33 నాటి డొక్కల కరువుకు నందన కరువు అనే పేరు ఇలాగే వచ్చింది. ఫలానా కరువునాటికి పాలు తాగే బిడ్డను, ఫలానా కరువునాటికి పశువులు కాసేవాణ్ణి అని చెప్పుకున్న తరాలకు వయస్సు ఒక సంఖ్య కాదు, ఒక సంఘటనతో ఉన్న సంబంధం. ఆ సంబంధాన్ని పత్రంలో సంఖ్యగా మార్చిన చేయి వేరొకరిది.

కవుల వయస్సు: సాహిత్యచరిత్రలో చిక్కు

సంఖ్య లేకుండా వయస్సు చెప్పిన ప్రసిద్ధ సందర్భం శ్రీనాథుని కాశీఖండ అవతారికలో ఉంది. మరుత్తరాట్చరిత్రను బాల్యంలోనూ, శాలివాహన సప్తశతిని మీసాలు మొలిచే ప్రాయంలోనూ, శృంగారనైషధాన్ని నిండు యౌవనంలోనూ, భీమేశ్వరపురాణాన్ని ప్రౌఢవయస్సులోనూ రచించినట్లు ఆయన చెప్పుకొన్నాడు. జుట్టు, మీసం, దేహపుష్టి అక్కడ కొలమానాలు. సాహిత్యచరిత్రకారులు ఈ దశలకు తమతమ ఊహ మేరకు సంఖ్యలు కేటాయించి జననకాలాన్ని గణించారు. కవి చెప్పినది ప్రాయం, మనం తీసుకున్నది సంఖ్య. రెంటి నడుమ జరిగిన మార్పిడిని గుర్తుంచుకోవలసి ఉంది.

ఆధునిక కవుల విషయంలో తేదీలు లభిస్తున్నా చిక్కు తొలగలేదు. పెనుకొండతో ముడిపడిన ఉదాహరణ పుట్టపర్తి నారాయణాచార్యులది. ఆయన 1914 మార్చి 28న అనంతపురం జిల్లా చియ్యేడులో జన్మించారు. ఆయన బాల్యంలో రచించిన ‘పెనుగొండలక్ష్మి’ తరువాత ఆయనే రాసిన విద్వాన్ పరీక్షకు పాఠ్యగ్రంథంగా ఉండటం సాహిత్యలోకంలో ప్రసిద్ధమైన విషయం. ఆ కావ్యరచనను గురించి ‘పన్నెండో ఏట’ అనీ, ‘పన్నెండేళ్ళ వయస్సులో’ అనీ రెండు విధాలుగా రాస్తారు. రాసేవారు ఈ రెంటినీ పర్యాయాలుగా భావిస్తారు. కాని పన్నెండో ఏడు 1925 మార్చి 28 నుంచి 1926 మార్చి 27 వరకు. పన్నెండేళ్ళు నిండిన వయస్సు 1926 మార్చి 28 నుంచి 1927 మార్చి 27 వరకు. ఈ రెండు కాలాలకు ఉమ్మడిగా ఒక్క రోజు కూడా లేదు. తెలుగు సంవత్సరాలలో చెప్పాలంటే మొదటిది దాదాపుగా క్రోధన, రెండోది దాదాపుగా అక్షయ.

ఇక్కడ మరొక విశేషం ఉంది. 1914లో ఉగాది మార్చి 27న వచ్చింది. అంటే ఆనంద సంవత్సరాదికి మరునాడు పుట్టపర్తివారు జన్మించారు. ఉగాదిని హద్దుగా పెట్టి కొరియా పద్ధతిలో లెక్కించినా ఆయన వయస్సు తెలుగువారి నడిచే ఏటితో దాదాపుగా సరిపోతుంది. ఆ బాలుడే రెండు రోజులు ముందు పుట్టి ఉంటే, కొరియా లెక్కలో ఉగాదినాటికి రెండో ఏడు వచ్చేది. పన్నెండో ఏడు అన్నమాటకు అర్థం మరో ఏడాది వెనక్కి జరిగేది. హద్దు ఎంచుకోవడంలోని ప్రాధాన్యం ఇంతకంటే స్పష్టంగా చెప్పే ఉదాహరణ అరుదు.

మరణకాలపు వయస్సులోనూ ఇదే పరిస్థితి. కందుకూరి వీరేశలింగం 1848 ఏప్రిల్ 16న జన్మించి 1919 మే 27న మరణించారు. ఆయన డెబ్భై ఒక్క ఏళ్ళు జీవించారనడం, డెబ్భై రెండో ఏట మరణించారనడం రెండూ ఒప్పే. డెబ్భై రెండేళ్ళు జీవించారనడం తప్పు. క్రమసంఖ్యను పరిమాణంగా మార్చడంలో పుట్టే ఈ తప్పు సంస్మరణవ్యాసాలలో తరచుగా కనిపిస్తుంది.

ఈ ఒక్క ఏడాది ఎంత గురుతరమైనదో కన్యాశుల్కం తొలికూర్పు పీఠిక చూపుతుంది. విజయనగర మహారాజు ఆనందగజపతి విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో జరిగిన కన్యాశుల్క వివాహాల జాబితాను తయారు చేయించగా 1,034 వివాహాలు లెక్కకు వచ్చినట్లు గురజాడ తెలిపారు. వాటిలో వధువు వయస్సు ఐదుగా ఉన్నవి 99, నాలుగుగా ఉన్నవి 44, మూడుగా ఉన్నవి 36, రెండుగా ఉన్నవి 6, ఒకటిగా ఉన్నవి 3. పీఠిక ఆంగ్లంలో ఉంది, వివరాలు చెప్పిన కుటుంబాలవారు తెలుగువారు. ఆ ‘ఒకటి’ నిండిన ఏడైతే ఆమె అడుగులు నేర్చుకుంటున్న పిల్ల. నడిచే ఏడైతే ఏడాది కూడా నిండని పసికందు. సాంఘికచరిత్రకు ఆధారంగా ఈ సంఖ్యలను ఉటంకించేటప్పుడు ఈ రెండర్థాలనూ దృష్టిలో ఉంచుకోవాలి. సంఖ్య మారదు, అది మోసే దారుణం మారుతుంది.

చట్టం: నిండిన ఏడు, నడిచే దినం

వివాహవయస్సు చట్టాలలో 1891 నాటి సమ్మతివయస్సు చట్టం పదేళ్ళ హద్దును పన్నెండుకు పెంచింది. 1929 నాటి శారదా చట్టం బాలికకు పద్నాలుగు, బాలునికి పద్దెనిమిది ఏళ్ళు విధించింది. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం బాలికకు పద్దెనిమిది, బాలునికి ఇరవై ఒకటి ‘నిండని’ స్థితిని నిర్వచనంలోనే పేర్కొన్నది. ‘పిల్లకు పద్దెనిమిది పడింది’ అని ఇంట్లో అన్నప్పుడు ఆ మాటకు పదిహేడు నిండాయని అర్థం కావచ్చు. కుటుంబం అబద్ధమాడలేదు, చట్టమూ అస్పష్టంగా లేదు. రెండు లెక్కల మధ్యనున్న ఏడాదిలో ఆ బాలిక నిలిచి ఉంది. ఆ ఏడాది ఆమె చదువుకు సంబంధించినది, ఆరోగ్యానికి సంబంధించినది.

అయినా చట్టం పాత లెక్కను పూర్తిగా విడిచిపెట్టలేదు. 1875 నాటి భారతీయ వయోజనత్వ చట్టం మూడో విభాగం ప్రకారం వయస్సు లెక్కలో పుట్టిన దినాన్ని పూర్తి దినంగా చేర్చుకోవాలి. ఒకటో తేదీన పుట్టిన ప్రభుత్వోద్యోగి అంతకుముందు నెల చివరి రోజున పదవీవిరమణ చేయడం ఇటువంటి గణన ఫలితమే. ఏళ్ళు నిండిన లెక్క, రోజులు నడిచే లెక్క. పురుడును పదకొండోనాడు చేసే ఇంటి లెక్క, కార్యాలయపు లెక్క ఈ ఒక్కచోట కలుస్తాయి.

ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి. తెలుగు వయోగణనలో నిండిన ఏడు, నడిచే ఏడు రెండూ ప్రాచీనమైనవే. వాటిని వ్యాకరణం, క్రియాపదాలు స్పష్టంగా వేరుచేస్తాయి. కొరియా సంప్రదాయంతో మన నడిచే ఏటికి సామ్యం ఉంది, హద్దు విషయంలో భేదం ఉంది. మన సంవత్సరనామం ఉమ్మడిది, వయస్సు వ్యక్తిది. కొరియాలో ‘లెక్కించే’ వయస్సుకూ ‘నిండిన’ వయస్సుకూ నడుమ ఏది ప్రమాణమో తేల్చడానికి శాసనసభ పూనుకోవలసి వచ్చింది. తెలుగులో ఆ పని వాక్యమే చేస్తూ వచ్చింది. పత్రాలలో ‘వయస్సు’ అనే మాట ఎదుట ఒక్క సంఖ్యకే చోటు మిగిలినప్పుడు ఆ వాక్యం తెగిపోయింది, సందేహం అక్కడ మొదలైంది.

అందువల్ల కవిజీవితాలను రాసే పరిశోధకులు రెండు నియమాలను పాటించడం మేలు. ఒకటి, ఆకరంలో ‘ఏట’ అని ఉంటే దానిని ‘ఏళ్ళు’గా మార్చకుండా యథాతథంగా ఉంచాలి. రెండు, వయస్సుతో పాటు దానికి సరిపడే తేదీల పరిధిని ఇవ్వాలి. ‘పన్నెండో ఏట’ అనే మాటను ‘పన్నెండేళ్ళు’గా దిద్దినప్పుడు మనం ఒక ప్రత్యయాన్ని మాత్రమే మార్చామనుకొంటాం. నిజానికి పెనుకొండ కోటను చూసి కవిత్వం చెప్పిన ఒక బాలుని జీవితంలో ఒక ఏడాదిని జరుపుతున్నాం. నిండిందో, నడుస్తోందో చెప్పే శక్తి మన భాషకు ఉన్నది. పరిశోధనలో దానిని వాడుకోవడమే మిగిలిన పని.